వదులైన వైరు

అమ్మకు షాజాదీ సలాం. మోటార్ల దుకాణంలో మోతకు నీకు ఫోన్ వినపడదని కార్డు రాస్తాండా. నేను బాగుండా.

నిన్న పోటీలో మా కాలేజీ రోబో మధ్యలోనే నిలిచిపాయ. పది నిమిషాల్లో కదలకుంటే ఇంటికే. జట్టులో కరెంటు పని, బోర్డుల పని అంతా నా కిందే. నువ్వు చేసినట్లే ఒక్కో వైరూ లాగి చూసినా. వదులైంది దొరికింది, అది నేను బిగించిందే. "తప్పు నాదేనప్పా" అని అందరి ముందరా ఒప్పుకొని అతికించినా. రోబో ఉరికింది! మొదటి బహుమతి మాదే. ఎవరు నేర్పినారని జడ్జి అడిగితే, "కాలిన మోటార్లకు తీగ చుట్టే మా అమ్మ షాహిదా" అంటిని.

నాయన మోకాలు ఎట్లుండాది? కణేకల్‌లో వాన పడిందా? నా పాత టెస్టర్ వెతికి పెట్టమని అన్నకు చెప్పు.

వచ్చే శుక్రవారం గెలిచిన కప్పు తెస్తా. ఇంట్లో దాచొద్దు, దుకాణంలో అందరికీ కనపడేట్టు పెట్టల్ల. నాయనకు సలాం.

నీ కూతురు షాజాదీ