ఎర్ర బటన్ పక్కన

ఎడ్లపాడు,
ఆదివారం.

చిరంజీవి సింధూజకు అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం, అక్కడ నువ్వు వేళకు తింటున్నావనుకుంటాను. హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కాబట్టి నాకు ఉత్తరాలు అలవాటయ్యాయి. నాన్న నాపరాళ్ల లోడుతో నెల్లూరు వెళ్లాడు. వచ్చాక ఆయనతో కందిపొడి పంపుతాను. కారం తగ్గించమన్నావు, తగ్గించలేదు.

మన పక్కింటి పిచ్చమ్మ పెద్దమ్మ చెయ్యి ఎలా ఉందని అడిగావు. కట్టు విప్పారు. రెండు వేళ్లు పోయాయి. "మిల్లులో నువ్వు పక్కనే ఉన్నావుగా, వెంటనే మిషను ఆపి ఉంటావు, లేకపోతే చెయ్యంతా పోయేది" అని రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోయి నాలుగు రోజులు నీకు జవాబు రాయలేకపోయాను.

నిరుడు మిల్లులో దూది మిషను నుంచి పొగ వస్తే నేనే ఎర్ర బటన్ నొక్కి ఆపాను, గుర్తుందా? క్లాసులో అందరికీ గొప్పగా చెప్పుకున్నావు. ఆ తర్వాత జరిగింది నీకు చెప్పలేదు. "ఎవుర్నడిగి ఆపావు?" అని సూపర్‌వైజర్ గోపీనాథ్ నన్ను షిఫ్టంతా గేటు బయట నిలబెట్టాడు. అప్పటినుంచి మిషను ఆపాలన్నా, మంచినీళ్లు తాగాలన్నా, బాత్‌రూంకు వెళ్లాలన్నా ఆయన్ని అడగాల్సిందే. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత అదీ పోయింది. ఇప్పుడు ఇంట్లో కుక్కర్ కూతలు పెడుతున్నా, ఎవరైనా దించమంటారేమోనని కూర్చుంటున్నాను.

ఇక దాచను తల్లీ. పిచ్చమ్మక్క చెయ్యి ఇరుక్కున్నప్పుడు బటన్ నాకు మూరెడు దూరంలో ఉంది. నేను నొక్కలేదు. "సార్, ఆపమంటారా?" అని అరుస్తూ నిలబడ్డాను. ఆయనే పరిగెత్తుకొచ్చి ఆపాడు. మొన్న చూడటానికి వెళితే అక్క ఒక్కటే అడిగింది: "ఏమే మహేశ్వరీ, బటను నీ పక్కనే ఉండె గదే? ఎవుర్ని పిలిచావే?"

ఇంకొకటుంది. నిన్న గోపీనాథ్ అన్నాడు: "పిచ్చమ్మ ఇంక రాదు. మీ అమ్మాయి ఇంటర్ అయిపోతందిగా, సెలవుల్లో తీసుకురా. అలవాటైతే ఉంచేద్దాం." సింధూ, ఆయన మాట పూర్తికాకముందే నా నోరు "సరే సార్" అనేసింది. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. రేపు వెళ్లి కుదరదని చెప్పాలి. చెప్పలేనని నాకు తెలుసు.

అందుకే ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నాను. సెలవులకు బెల్లంకొండలో అత్త ఇంటికి వెళ్లు. ఆయన చెప్పాడని వార్డెన్ మేడమ్‌కు ఫోన్ చేసి నేనే నిన్ను రమ్మంటానేమో. ఏడ్చి, ఒట్టు పెట్టి పిలుస్తానేమో. రాకు.

ఇట్లు,
నీ అమ్మ
మహేశ్వరి