తీయించేసిన పేరు

2005 నవంబరు, ఆదివారం

సైటు పోయింది. నెట్ సెంటర్లో నాలుగుసార్లు కొట్టి చూశాను. "ఎత్తేసినట్టున్నారు టీచర్ గారూ. గేముల సైట్లు ఇంకా బోలెడున్నాయి కదండీ," అన్నాడు సెంటర్ నడిపే రమేష్. అవేం చేసుకోను?

గోతులు దూకుతూ పరిగెత్తే ఆ పాత వీడియో గేము పిచ్చివాళ్ళం మూడేళ్ళుగా ఆ సైట్లోనే కలిసి రాసుకునేవాళ్ళం. తిరువూరులో ఆ గేము గురించి మాట్లాడటానికి నాకెవరున్నారు? అసలు పేర్లు, ఊళ్ళు చెప్పుకోకూడదని రూలు. ఎవరు ఏ లెవెల్లో ఇరుక్కున్నారన్నదే పరిచయం.

పోయిన నెల 'నత్త' అని పేరు పెట్టుకున్నతను గుండె ఆపరేషనుకి వెళ్తూ తన అసలు పేరు, ఊరు, ఇంటి ఫోన్ నంబరు రాసి పెట్టాడు. రూలు రూలేనని కంప్లైంట్ చేసి ఆ మెసేజ్ తీయించింది నేనే. క్లాసులో పిల్లల్ని కసిరినట్టు కసిరాను కూడా. "సరేనండి, తిరిగొచ్చాక ఎనిమిదో లెవెల్ సంగతి చూద్దాం," అని రాసి వెళ్ళాడు. మళ్ళీ కనపడలేదు.

ఉన్నాడో లేడో ఎవరిని అడగను? అందరివీ పెట్టుడు పేర్లేగా.

ఆ పేరు నేను చదివాను. ఇందాకట్నుంచీ గింజుకుంటున్నా మొదటి అక్షరం కూడా తట్టడం లేదు. ఎనిమిదో లెవెల్లో ఎన్ని గోతులున్నాయో, ఏ గోతి దగ్గర ఎంత ఆగి దూకాలో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగలను.