నలుగురికీ ఒకటే ఐడీ

ఏమయ్యా,

బట్టలు సబ్బునీళ్లలో నానుతున్నాయి, డ్యూటీ నుంచి రాగానే పిండి ఆరెయ్యి. కుక్కర్‌లో పప్పు ఉంది. బాబుకు టీకా వేయించడానికి వెళ్తున్నాను.

తినే ముందే ఇంకో పని చెయ్యి. సాంచాల మీద బట్ట నేసే మీ నలుగురి ఫోన్లకూ కలిపి నీ నెంబరు మీద తెరిచిన మెయిల్ ఐడీ పాస్‌వర్డ్ మార్చు. మిగతా ముగ్గురి ఫోన్లలోంచి దాన్ని తీసేయించు. ఒకరి ఫోన్లో తీసిన ఫోటో ఆ ఐడీలోకి ఎక్కి, నలుగురి ఫోన్లలోనూ కనబడుతోంది. మీతో నేసే తిరుమల అందులో దాచిన పాడు వీడియోలు కూడా తీసెయ్యి. నెంబరు నీది కాబట్టి, కేసైతే పోలీసులు ముందు నీ దగ్గరికే వస్తారు.

పోయిన నెల నాకు పాలగడ్డ కట్టినప్పుడు, ఊళ్లో నర్సమ్మకు చూపించడానికి నీ ఫోన్‌తో రొమ్ము ఫోటో తీసి పంపాను. చాట్‌లోంచి తీసేశాను, పోయిందనుకున్నాను. నిన్న మీ నలుగురిలో ఒకడైన నీ తమ్ముడు చిరంజీవి, తన ఫోన్లో వాళ్ల బాబు పుట్టినరోజు ఫోటోలు చూపిస్తుంటే, వాటి మధ్యలో అది కనబడింది. అతను నవ్వాడు.

"గింత దానికి ఏందొదినా! నెల సంది ఉన్నదే గద. మనోళ్లే జూసిండ్రు, పరాయోళ్లా?"

నెల నుంచి నీ ఫోన్లోనూ ఉంది. నువ్వు చూసి కూడా ఊరుకున్నావని నమ్మలేకపోతున్నాను.

కరుణ

ఇదొకటి రాయడం మరిచాను. నిన్న చిరంజీవి భార్య రుచిత అక్కడే చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "నువ్వు దీసిన నా ఫోటోలు గూడ అందరి ఫోన్లల్ల ఉన్నయా?" అని మొగుణ్ని అడిగింది. అతను తల దించుకున్నాడు. ఆమె చాట కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంట్లోంచి వెళ్లిపోయింది.