పేరు రాయని స్లైడ్లు

జూన్ 18

జహూర్ సార్‌కి, మీ సరళ నమస్కారాలు.

మా ఆసుపత్రి ల్యాబ్ తాళం తీశాం సార్. గొడవల కాలంలో వేసిన తాళం, పదిహేనేళ్లకు సుత్తితో కొడితే గానీ ఊడలేదు. లోపల మైక్రోస్కోప్ అద్దాలకు బూజు. కొత్తది వచ్చేదాకా మీరు ఖమ్మం ల్యాబ్ నుంచి పంపిన పాతదే దిక్కు. ఇక్కడ ఫోన్ పలకదు కాబట్టి మీరు సరిచూడాల్సిన స్లైడ్ల పెట్టెలోనే ఉత్తరం పెడుతున్నాను. మా హెల్త్ వర్కర్ పగిడయ్య పర్ణశాల దాకా తీసుకెళ్లి బస్సెక్కిస్తాడు. ఆయనకు కోయ భాష వచ్చు, ఆయన లేకపోతే నేనిక్కడ మూగదాన్నే.

వాగు అవతల గుంపులో, అంటే వలస గుడిసెల్లో, అందరూ కాల్పులకు భయపడి రాష్ట్ర సరిహద్దు దాటి వచ్చినవాళ్లే. ఏ గుడిసె ముందు నిలబడినా దగ్గు వినిపిస్తుంది. తెమడ ఇస్తారు గానీ పేరు చెప్పరు. "పేర్లు రాసుకపోయినోళ్లు మల్ల తుపాకులతోనే వచ్చిండ్రు" అన్నది జోగి అనే ఆమె, పగిడయ్య తెలుగు చేసి చెప్పాడు. అందుకే ఇరవై స్లైడ్ల మీదా నంబర్లే వేశాను. కోప్పడకండి.

మీ శిష్యురాలు,
సరళ

జూన్ 27

బేటీ సరళా,

తెమడను గోడకు సున్నం కొట్టినట్టు పూశావేంది? నేను నేర్పింది గిట్లనేనా? అయినా నీ అనుమానం నిజమే, ఐదింట్లో టీబీ ఉంది. కానీ పేరు లేకుండా ఆరు నెలల మందు ఎవరికిస్తావు, నంబర్లు మింగుతాయా?

ఇంకో మాట. సెప్టెంబర్ ఆఖరులోపు పేరు, ఊరుతో రిజిస్టర్ చూపిస్తేనే ల్యాబ్ ఉంటుంది, లేకుంటే మళ్ళీ తాళమే. ముప్పై ఐదేళ్ల సర్వీసులో ల్యాబులకు తాళాలు వేయడమే చూశాను తల్లీ, తీయడం ఇదే మొదలు. బతిమాలుకో, ఒట్టేయి, ఏమైనా చెయ్యి, పేర్లు రాయి.

మీ సఫూరా ఆంటీ ఊరగాయ పంపింది. స్లైడ్ల పెట్టెలో వద్దని పోట్లాడి విడిగా కట్టించాను.

దీవెనలతో,
జహూర్

ఆగస్టు 9

జహూర్ సార్,

నెల పట్టింది. రోజూ వాగు దాటి వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాను. చివరికి జోగి అడిగింది, "పేర్లు నీ ల్యాబు అర్రలనే ఉంటయా?" అని. "అవ్, నా అర్ర దాటవు" అని నా బిడ్డ మీద ఒట్టేశాను. మొదటి పేరు తనదే రాయించింది. తర్వాత అరవై మంది వచ్చారు సార్! తొమ్మిది మందికి టీబీ, అందులో జోగి కూడా ఉంది. మందులు మొదలుపెట్టాం. ఆమెకు రెండో వారం, నిన్న అంబలి అడిగి మరీ తాగిందట. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

రిజిస్టర్ నకలు పంపుతున్నాను. పైవాళ్లకు చూపించి మీ దగ్గరే ఉంచండి.

సరళ

సెప్టెంబర్ 20

బేటీ సరళా,

ముబారక్! ల్యాబ్ శాశ్వతమైంది.

మీటింగులో ఒకాయన "అడవిల అరవై మందా? ఉత్త లెక్కలు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నీ రిజిస్టర్‌ను అక్కడికక్కడే జిరాక్సులు తీయించి, వచ్చిన అన్ని శాఖల వాళ్ల చేతుల్లో పెట్టాను. "చూడుర్రి, మా పిల్ల పని!" అన్నాను. అందరూ ఆ కాయితాలు మడిచి సంచుల్లో పెట్టుకున్నారు. ఇంటికొచ్చి మీ ఆంటీతో షీర్‌ఖుర్మా చేయించుకుని తిన్నాను.

గర్వంతో,
జహూర్

అక్టోబర్ 4

జహూర్ సార్,

గుంపు లేదు. మొన్న సర్కారు వాళ్లు బండ్లలో వచ్చి, అడవి ఖాళీ చేయాలని గుడిసెలు పీకేశారు. ఏ శాఖ అని అడిగితే పగిడయ్యను పక్కకు నెట్టారు. చేతిలో లిస్టు పట్టుకుని పేరుపేరునా పిలిచి సరిహద్దు దాకా తోలారట. ఆ లిస్టు పగిడయ్య కళ్లారా చూశాడు. మన స్లైడ్ల వరసే, నా చేతిరాతే. మొదట పిలిచిన పేరు జోగిది. ఆమె మన ల్యాబ్ వైపు ఒకసారి చూసిందట.

తొమ్మిది మంది మందులూ బీరువాలోనే ఉన్నాయి. మధ్యలో ఆపిన టీబీ ఎంత మొండిదవుతుందో నాకు నేర్పింది మీరే.

మిమ్మల్ని తిట్టాలనే కూర్చున్నాను. నాకు చేతకాలేదు. పంచింది మీరైనా, ఒట్టేసింది నేను. నకలు పంపిందీ నేనే.

కొత్త మైక్రోస్కోప్ వచ్చింది. అద్దాలు తళతళలాడుతున్నాయి. నిన్న ఇవతలి ఊరి ముసలాయన ఒకాయన దగ్గుకుంటూ వచ్చాడు. తెమడ డబ్బీ చేతికిచ్చి, అలవాటు కొద్దీ "తాతా, నీ పేరేంది?" అన్నాను. డబ్బీ బల్ల మీద పెట్టేసి, దగ్గుకుంటూనే వెళ్లిపోయాడు. వెనక్కి పిలవడానికి నాకు ముఖం చెల్లలేదు సార్.

సరళ