కుడివైపు జేబు

తమ్ముడూ,

ఓడలో మేమిద్దరం కులాసా, నాకు వాంతులు కూడా తగ్గాయి. కార్డులో చోటు లేదు, అసలు సంగతి విను. నిన్న భోజనాల హాలుకి అందరూ సూట్లలోనే రావాలన్నారు. మీ బావ నువ్వు తిరగేసి కుట్టిన నాన్న కోటు వేసుకున్నారు. పక్క టేబులావిడ మొగుడితో, "పైజేబు ఎడమవైపు కదా ఉండాలి, ఈయనకి కుడివైపుందేంటి?" అని కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. "వెలిసిన వైపు లోపలికి తిప్పి కుడితే జేబు అటే వస్తుందమ్మా, మా తమ్ముడు కుట్టాడు" అని హాలంతా వినపడేలా చెప్పేశాను. ఎవరికీ చెప్పొద్దన్నావు, ఏం చెయ్యను, ఆగలేకపోయాను.

అంతలో ఒక పెద్దాయన లేచి వచ్చారు. నలభై ఏళ్ళు దర్జీ పని చేశారట. బావ చెయ్యెత్తించి, చంక దగ్గర కుట్టు తడిమి, "ఇలా తిరగేసేవాళ్ళు ఇంకా ఉన్నారా!" అన్నారు. వాళ్ళ నాన్న కోటు కూడా బీరువాలో ఉందట. తన చేతులు వణుకుతున్నాయి కాబట్టి, దాన్ని తిరగెయ్యడానికి నీకే పంపుతానని నీ అడ్రసు రాసుకున్నారు. ఇక బావ ఎండలో కూడా కోటు విప్పడం లేదు.

అమ్మ కంట్లో చుక్కలు రెండుపూటలా వేస్తున్నావా? మేడమీద కుండీలకు నీళ్ళు పొయ్యి. పిల్లలకు ముద్దులు.

కోట్లు ఎవరు కుట్టించుకుంటున్నారని షాపు బోర్డు దించేస్తానన్నావుగా? నిచ్చెన ఎక్కావో, వచ్చి నీ కాళ్ళు విరగ్గొడతాను. నీ చేతులు మాత్రం చల్లగుండాలి.

అక్క