315 బోరు, 8 మిల్లీమీటర్లు ఒకే తుపాకీ అని మనవి

జిల్లా ఆయుధ లైసెన్సుల అధికారి గారి సముఖమునకు,

కంచిలి మండలంలో పుట్టి, ప్రస్తుతం కాశీబుగ్గలో అద్దెకుంటూ, పలాసలో ఒక బ్యాంకు శాఖకు గార్డుగా పనిచేయు మాజీ హవల్దారు బోనెల కాలేబు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఎన్నికల సమయమున ఠాణాలో అప్పగించిన నా రైఫిలు, నా నోటి దూల వలన రెండు రైఫిళ్ళుగా మారినందున, దానిని మరల ఒకటిగా చేసి ఇప్పించుట గురించి.

1. నేను సైన్యమునందు ఆయుధాగారంలో పనిచేసి రిటైరైనవాడను. నా వద్ద లైసెన్సు గల 315 బోరు రైఫిలు ఒకటే ఒకటి ఉన్నది. దానిని భుజాన వేసుకుని బ్యాంకు గేటు వద్ద నిలబడుట నా ఉద్యోగము. దానితో ఇంతవరకు ఎవరినీ కాల్చలేదు. మా ఊరి జీడితోటలో ఎలుగుబంటి ఎదురైన రోజున కూడా రైఫిలుతో సహా పరుగెత్తి ఇంట్లో దూరి తలుపు వేసుకున్నాను.

2. ఎన్నికల కోడ్ రాగా లైసెన్సు ఆయుధములన్నీ ఠాణాలో అప్పగించవలెనని ఉత్తరువు వచ్చినది. బ్యాంకు గార్డులు మినహాయింపు అడగవచ్చునని మా సెక్యూరిటీ ఏజెన్సీ సూపర్‌వైజరు నిరంజన్ గారు చెప్పారు. నేను వినలేదు. మాజీ సైనికుడు అందరికంటె ముందుండాలని యూనిఫారం ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళాను.

3. రశీదు రాసే రైటరు రామూర్తి గారు, "ఏటి మావా, లైసెన్సులో 315 అని ఉంది, అదే రాసెత్తాను" అన్నారు. అక్కడితో ఊరుకుంటే తమకు ఈ శ్రమ లేదు. "అది సివిల్ వోళ్ళ లెక్క, అంగుళాల్లో సెప్తారు. మిలట్రీలో మిల్లీమీటర్లే. ఎనిమిది ఎమ్మెమ్ అని రాయి" అన్నాను. లెక్క తప్పు కాదు. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 315 భాగాలు ఎనిమిది మిల్లీమీటర్లే. పాపం ఆయన అలాగే రాశారు. నా ఉపన్యాసంలో పడి తుపాకీ మీది నంబరు రాయడం మరిచిపోయారు. రైఫిలును గుడ్డలో చుట్టి లక్క సీలు వేశారు.

4. ఎన్నికలు ముగిసి తుపాకీ కోసం వెళ్ళగా, కొత్తగా వచ్చిన ఎస్సై అజయ్ గారు లైసెన్సూ రశీదూ పక్కపక్కన పెట్టి చూశారు. "లైసెన్సున్న తుపాకీ మీరు అప్పగించలేదు. అప్పగించిన తుపాకీకి లైసెన్సు లేదు. ఆ 315 ఎక్కడుంది?" అన్నారు. ఆయన స్థానంలో నేనున్నా అదే అడుగుదును.

5. అప్పుడైనా "రెండూ ఒకటే సార్" అని ఊరుకోవలసింది. కుర్చీ లాక్కుని పాఠం మొదలుపెట్టాను. సైన్యం వారు గుండు మందమూ, మందు నింపే ఇత్తడి కేసు పొడవూ రెండూ మిల్లీమీటర్లలో చెబుతారని, 7.62 బై 51 అంటే అదేనని, దాదాపు అటువంటి తూటానే సివిల్ వారు 308 అంటారని, చూడ్డానికి ఒకలా ఉన్నా ఒకదాని బదులు ఒకటి వేసేయరాదని, తుపాకీ గొట్టం మీద ఏది చెక్కి ఉంటే అదే వాడాలని చెప్పాను. ఎస్సై గారు తల ఊపుతూ విన్నారు. అది చూసి నాకు మరీ హుషారు పుట్టింది. పేరులో అంకె ఒకటైనంత మాత్రాన తూటా ఒకటి కాదని రుజువు చేయబోయి, "ఏకే తుపాకీది కూడా 7.62 అంటారు సార్, కానీ కేసు పొడవు 39. మనదాంట్లో పట్టదు" అన్నాను.

ఆయన తల ఊపడం ఆపారు. "మనదాంట్లో అంటే ఏదాంట్లో?" అన్నారు. రామూర్తి గారు నా వైపు చూడకుండా, "మావా, నువ్వింక మాటాడకు" అన్నారు. ఆ ఠాణాలో నా మేలు కోరి పలికిన మాట అదొక్కటే, అదీ ఆలస్యంగా వచ్చింది.

6. దానిపై విచారణ మొదలైనది. సీలు విప్పి గొట్టం మీది నంబరును లైసెన్సులోని నంబరుతో పోల్చి చూస్తే అంతా తేలిపోవును. కాని విచారణలో ఉన్న ఆయుధపు సీలును తమ ఉత్తరువు లేనిదే విప్పరాదట. ప్రస్తుతం వెదురు కర్రతో గేటు వద్ద నిలబడుచున్నాను. పింఛనుకు వచ్చే ముసలమ్మలు, "తుపాకీ ఏటైపోనాది బాబూ, అమ్మేసినావా?" అని పరామర్శిస్తున్నారు.

7. తుపాకీ లేని గార్డు బ్యాంకుకు పనికిరాడు. ఈ నెలాఖరులోగా రైఫిలు రాకపోతే నన్ను విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంటు గేటుకు మారుస్తామని నిరంజన్ గారు తెలియజేసినారు. నా భార్య అన్నమ్మకు రెండు కిడ్నీలూ పోయినవి. మా ఉద్దానం ప్రాంతంలో ఇది ఇంటింటి సంగతి గనుక వివరించను. బుధ, శనివారాల్లో ఆమెకు పలాసలోనే డయాలసిస్. ఆసుపత్రి బ్యాంకుకు దగ్గర. ఆ పూటలు మేనేజరు గారు నన్ను వదులుతారు. మాకు పిల్లలు లేరు. విశాఖపట్నం పొమ్మంటే ఆమెను ఎవరికి అప్పగించాలో తెలియడం లేదు. నాకు భయంగా ఉంది. ఈ మాట అర్జీలో రాయదగినది కాదని తెలిసీ కొట్టివేయలేదు.

కావున తమరు పై సంగతులన్నీ చిత్తగించి, నా వాగుడును నేరముగా గాక రోగముగా ఎంచి, సీలు విప్పి నంబరు చూచుటకు ఉత్తరువు ఇప్పించవలెనని వేడుకొను,

తమ విధేయుడు, వెదురు కర్రధారి,
బోనెల కాలేబు

తా.క.: అర్జీని మా అన్నమ్మకు చదివి వినిపించాను. మంచం మీద పడుకునే అంతా విని, "అంత పెద్దాపీసరుకి తూటాల సదువు నువ్వెందుకు సెప్పడం? ఆ మిషను కాడ లెగిసినప్పుడు నాను తూలి పడిపోతన్నానని రాయి. పట్టుకోడానికి నువ్వుండాలని రాయి" అంది. ఏ నంబరు కింద రాయాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. అయ్యా, దాన్ని 315 అనండి, ఎనిమిది అనండి, పిట్టలు కొట్టే ఉండేలు అని రాసినా సరే, ఇక దిద్దను. సంతకం పెట్టేస్తాను. బుధవారం, శనివారం నన్ను పలాసలో ఉండనివ్వండి.