పద్నాలుగు నిమిషాలు

రాజపాళయం, గురువారం రాత్రి

తప్పు నాదే. ఇంటి నుంచి నౌక కెమెరా ప్లాన్ ఫైలు పంపేశాక గాని కనిపించలేదు.

అంగారకుడి దగ్గరి నౌక నుంచి సంకేతం మనకు చేరడానికి ఇప్పుడు పద్నాలుగు నిమిషాలు పడుతోంది. కెమెరాకు నౌక దగ్గరి సమయం వేయాలి. నేను మనకు సంకేతం అందే సమయం వేశాను. కెమెరా తెరుచుకునేసరికి నౌక పొగమంచు నిండిన లోయను దాటిపోయి ఉంటుంది. ఉత్త ఇసుకే వస్తుంది.

ఆ సమయం, అదే నౌకలో ఇంకో పరికరం చూసే కవిత తన పరికరానికి అడిగింది. వారమంతా వాదించి నా కెమెరాకు లాక్కున్నాను.

అమ్మ బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గం మీద ఇరవై ఏళ్ళు పనిచేసింది. భోజనం దగ్గర ఆమెకు చెప్పాను.

"అది మళ్ళా చుట్టుకోని వస్తుంది కదా? అప్పుడు తియ్యి."

"అప్పటికి ఆ మంచు పోయుంటుందిమా."

"సరి, ఆ కవితతో చెప్పినావా?"

లేదని తల ఊపాను.

"పోగు తెగినాదని చెప్పితే ముడి ఏస్తారు. దాచినావంటే గుడ్డే చూపిచ్చేస్తుంది" అని నా కంచం తీసుకుని వెళ్ళిపోయింది.

ఫైలు మార్చడానికి రేపు ఉదయం ఎనిమిది దాకా వ్యవధి ఉంది. కవిత కూడా ఒప్పుకోవాలి. అడిగితే, ఆ సమయం తనకే ఇచ్చెయ్యమంటుందేమో. అది న్యాయమే. అందుకే...

మిల్లు షిఫ్టు బస్సు ఇప్పుడే పోయింది. మెసేజ్ రాశాను, చెరిపాను, మళ్ళీ రాశాను, ఇంకా పంపలేదు. అంగారకుడికైనా పద్నాలుగు నిమిషాల్లో మాట చేరుతుంది. బెంగళూరులో ఉన్న కవితకు సాయంత్రం నుంచి చేరలేదు.